ఎడమ చెయ్యి బయటే

మంగళ, గురు, శనివారాలు
హడర్స్‌ఫీల్డ్ ఆసుపత్రి మూడో అంతస్తులో
మా నాన్న నెత్తురు
నాలుగు గంటలు ఊరేగి వస్తుంది.
వెళ్లేటప్పుడు వెచ్చగానే వెళ్తుంది.
తిరిగొచ్చేటప్పుడే చల్లన.
"ఒరేయ్, ఎముకల్లో ఎవరో ఫ్యాను వేశార్రా" అంటాడు.

ఆసుపత్రి దుప్పటి చాలదు.
నా కోటు బరువు.
ఎడమ చేతికి సూదులుంటాయి గనక
ఆ చెయ్యి కప్పకూడదు,
నర్సు జిన్సీకి ఎప్పుడూ కనబడుతూ ఉండాలి.

అందుకని
ఒకవైపు పొడుగు, ఒకవైపు పొట్టి,
ఏ కొట్లోనూ దొరకని శాలువా మొదలుపెట్టాను.

అల్లడం నాకు రాదు.
పక్క కుర్చీలో డోరీన్ హెప్‌వర్త్ నేర్పింది.
ఎనభై ఒకటి ఆవిడకి. తన చేతికీ సూదులే,
రెండో చేతి వేలితో గాల్లో అల్లి చూపించేది:
లోపలికి, చుట్టు, బయటికి, వదిలెయ్.
పదిహేనో ఏట ఆవిడ పనికెళ్లిన ఊలు మిల్లు
ఇప్పుడు ఫ్లాట్లయింది,
అందులో ఒకదానికి మా బావమరిది కిస్తీలు కడుతున్నాడు.

రంగు దగ్గర గొడవ.
నాన్నకి ఖాకీ కావాలి.
ముప్పై మూడేళ్లు నూజివీడు డిపోలో కండక్టరు,
ఖాకీ కానిది చలి ఆపుతుందంటే నమ్మడు.
మార్కెట్లో ఊలు అమ్మే ఆయన
నాచు రంగు తీశాడు, పాత రాగి తీశాడు,
చివరికి ఎండుగడ్డి రంగు ఉండొకటి దొరికితే
దుమ్ము పట్టిన ఖాకీ అని నాన్నని ఒప్పించాను.

వరస వరసకీ లెక్క చూస్తాడు,
టిక్కెట్లు చింపిన బొటనవేలు కుట్ల మీద నడిపిస్తూ.
"నూట పద్దెనిమిది మంది ఉండాలి, నూట పదహారే ఉన్నారు.
ఇద్దరు మధ్యలో దిగిపోయారు చూడు."
విప్పుతాను.
"ఇక్కడొకడు ఎక్కువ. టిక్కెట్టు లేకుండా ఎక్కాడు."
విప్పుతాను.
విప్పిన ఊలు ఉంగరాలు ఉంగరాలుగా నా ఒళ్లో,
డోరీన్ కళ్లు మూసుకునే నవ్వుతుంది.

ఒక మధ్యాహ్నం మగతలో చెప్పాడు,
రిటైరైన రోజు తనకీ శాలువా కప్పారట.
ఆ రోజు రిటైరైంది ముగ్గురు,
డిపోవాళ్లు కొన్నది ఒకటే.
మేనేజరు కప్పడం, ఫోటో, చప్పట్లు,
వెనకనుంచి క్లర్కు మెల్లిగా లాగి
రెండోవాడికి అందించడం.
"నా మెడ మీద ఎంతసేపుందంటావ్?
సింగిల్ బెల్లుకీ డబుల్ బెల్లుకీ మధ్య."
నవ్వాడు. చెయ్యి కదిలింది,
మిషను కుయ్యిమంది,
జిన్సీ పరిగెత్తుకొచ్చింది.

నేనేమీ అనలేదు.
ఆ వరస మాత్రం బిగుతుగా వచ్చింది.

అక్టోబరు చివర్లో ఒక గురువారం
డోరీన్ కుర్చీలో వేరే మనిషి.
నేనూ నాన్నా ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.
ఆయన కుట్లు లెక్కపెట్టలేదు,
నేను ఎన్ని తప్పులు వేశానో నాకే తెలీదు.
గంటన్నర తర్వాత అడిగితే జిన్సీ చెప్పింది,
పొద్దుటి షిఫ్టుకి మారిందట,
మనవడు కారులో దింపగలిగేది అప్పుడేనట.
నాన్న గుండెల్నిండా ఊపిరి వదిలి
"ముసల్ది, చెప్పి దిగొద్దూ" అన్నాడు.

మొన్న శనివారం అయిపోయింది.
కుడి భుజం మీంచి మోకాలి దాకా వస్తుంది,
ఎడమవైపు భుజం దగ్గరే ఆగిపోతుంది.
అంచు వంకర.
ఆ గురువారం తప్పులు విప్పకుండా వదిలేశాను,
నాన్నకి తెలుసు, అడగలేదు.

కప్పాను.
జిన్సీ చప్పట్లు కొట్టింది,
ఎదురు కుర్చీలో ఆయనెవరో టీ కప్పు పైకెత్తాడు.
నాన్న మెడ తిప్పి వెనక్కి చూశాడు,
ఎవరైనా లాగుతారేమోనని.

ఎవరూ లేరు.
గోడ, చేతులు కడుక్కునే సబ్బు డబ్బా,
కిటికీలో నాలుగింటికే పడిన చీకటి.
కుడిచేత్తో శాలువా కొస అందుకుని
తొడ కింద దోపుకుని కూచున్నాడు.
ఇంకా రెండు గంటల పది నిమిషాలుంది.